పిట్ట మెడలో చెవి

ఇంటి గడప దాటితే భాష మారిపోయే ఊరు మాది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బస్‌స్టాండులో హిందీ, అంగడి రోజున అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో నాలుగు గోండి ముక్కలు. ఆ రోజుల్లో మహారాష్ట్ర అంచున మా సిరోంచలో పుట్టిన పిల్లలెవరికీ ఇదొక విద్య అని తెలియదు. నాకూ తెలియదు, నాగపూర్‌లో చెవిటి పిల్లలకు చదువు చెప్పే డిప్లొమాలో చేరేదాకా. అక్కడ మా మేడం ఒకావిడ "నీకు నాలుగు భాషలొచ్చా" అని కళ్లు పెద్దవి చేసేసరికి నాకు నెత్తిన కొమ్ములు మొలిచాయి. నాలుగు భాషలు వచ్చినవాళ్లకు లోకం నాలుగింతలు అర్థమవుతుందని లెక్క వేసుకున్నాను. నాలుగింతలు అపార్థం కూడా కావచ్చునని చెప్పేవాళ్లు పక్కన లేరు. ఉన్నా నేను వినేదాన్ని కాదు. (చెవుల చదువు చదివినవాళ్లు ఒకరి మాట వినడం నేను ఇప్పటికీ తక్కువగానే చూశాను.)

డిప్లొమా చేతికొచ్చిన ఏడాదే కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. రెండువేలు దాటి నాలుగైదేళ్లయిన కాలం. మా తాలూకాలోనూ, అటు జిమల్‌గట్ట వైపు అడవి ఊళ్లలోనూ బడులు తిరిగి, పిల్లల వినికిడి పరీక్ష చేసి, సరిగా వినబడనివాళ్లకు మిషిన్లు తగిలించి, మాట నేర్పడం నా పని. పిల్లలు నాకు "చెవుల బాయి" అని పేరు పెట్టారు. మరాఠీ బడుల్లో పంతులమ్మను బాయి అంటారు. మా తెలుగులో బాయి అంటే నీళ్లు తోడుకునే బావి. సంగతి తెలిసి మా నాయనమ్మ తల పట్టుకుంది. "సదివి సదివి ఆఖరుకు బాయిల పడ్డవా బిడ్డా" అంది. నాగపూర్ నుంచి తెచ్చుకున్న మాటల పరీక్ష కూడా ఇలాగే ఏడిపించేది. నేను మరాఠీలో "నాక్" అంటే పిల్లలు ముక్కు చూపించాలి. తెలుగిళ్ల పిల్లలు ముక్కు చూపించకుండా చెయ్యి చాపేవారు, బాయి ఏదో పంచిపెడుతోంది, నాకు నాకు అని. వీళ్లందరికీ చెవుడే అని రిపోర్టు రాయబోయి, ఆగి, ఒక ఆదివారమంతా కూర్చుని తెలుగుకు ఒకటి, మరాఠీకి ఒకటి, వచ్చినంత గోండికి ఒకటి జాబితాలు తయారుచేశాను. భాషకూ భాషకూ మధ్య ఉన్న గుంతలన్నీ పూడ్చేశానని గర్వపడ్డాను. నట్టింట్లో ఉన్న గుంతను మాత్రం చూసుకోలేదు.

జిమల్‌గట్ట దాటి లోపలికి వెళితే ఒక ఆశ్రమశాల ఉండేది. (పేరు చెప్పను, ఇప్పుడు అక్కడ చదివే పిల్లలు భయపడతారు.) పిల్లలు అక్కడే తిని అక్కడే పడుకుంటారు. పెద్ద పంతులు వర్ధా వైపు నుంచి వచ్చిన మరాఠీ ఆయన, అందరికీ గురూజీ. వంట చేసే ఆమె తెలుగావిడ, అందరికీ పెద్దక్క. వరండా చివర ఒక పాత గది ఉండేది, టేకు కొట్టించే కాలంలో కట్టింది, గోడలు మూరెడు మందం. ఎప్పుడో ఒక సాహెబు జ్వరంతో ఆ గదిలో పడుకుని మళ్లీ లేవలేదని చెప్పుకునేవారు. ఉల్లిగడ్డల బస్తాలు వరండాలో వాననీళ్లకు కుళ్లుతున్నా గురూజీ ఆ గది తెరిపించేవాడు కాదు. నాకు మాత్రం అది బంగారం లాంటి గది. వినికిడి పరీక్షకు నిశ్శబ్దం కావాలి, ఆ బడి మొత్తంలో నిశ్శబ్దం ఉన్నది అక్కడొక్కచోటే. తాళంచెవి వంటింట్లో మేకుకు వేలాడేది. నేను వచ్చిన రోజున పెద్దక్క తాళం తీసి, గడప ఇవతలే నిలబడి, "పో బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి" అనేది. దయ్యాల మీద నాకు నమ్మకం లేదని అందరికీ చెప్పేదాన్ని. (సంచీలో మా నాయనమ్మ కట్టిచ్చిన విభూతి పొట్లం ఉన్న సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు.)

ఆ బడిలో రెండో తరగతిలో ఒక పిల్ల. తల పక్కకు వంచి మనిషి నోటి వైపే చూస్తుండేది, అందుకని నేను పిట్ట అన్నాను. గోండిలోనూ ఇంచుమించు అదే మాట, పిట్టె అంటారు, కనుక ఆ పేరు నిలిచిపోయింది. మాట లేదు, పలుకు లేదు, మొద్దు అని అందరూ వదిలేసిన పిల్ల. ఆ గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేస్తే మొద్దు కాదు, చెవులు ముప్పాతిక వంతు మూసుకుపోయాయని తేలింది. సన్నగా, పదునుగా ఉండే శబ్దం దగ్గరగా వస్తే కొంచెం అందుకునేది, అంతే. అప్పట్లో మేమిచ్చే మిషిన్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా; అది మెడలో వేలాడుతుంది, దాని తీగ చివర ఉన్న బిళ్ల చెవిలో పెట్టుకోవాలి. పిల్లలు ఇంత పొడుగు సంగతి చెప్పలేక దాన్ని ఉత్త "చెవి" అనేవారు. నాకూ అదే అలవాటైంది. పిట్ట మెడలో చెవి వేసి, ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టాను. పిల్ల ఉలిక్కిపడింది. తరవాత నవ్వింది. నా చేతులు పట్టుకుని మళ్లీ కొట్టించింది, మళ్లీ, మళ్లీ, నా అరచేతులు మండిపోయేదాకా. ఆ ఉద్యోగంలో మొదటిసారి నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అంతలో అన్నం గంట కొట్టారు. చేతులు కడుక్కునేటప్పుడు తడుస్తుందని మిషిన్ తీసి తలుపు పక్క గూట్లో పెట్టాను. అదే క్షణంలో బయట జీపు హారను మోగింది. ఆ జీపు పోతే మళ్లీ రేపే. పెట్టె ఒక చేత్తో, సంచీ ఒక చేత్తో పరుగెత్తి ఎక్కి, కదులుతున్న జీపులోంచి పెద్దక్కకు కేక వేశాను. "అక్కా, పిల్లకు చెవి ఇయ్యి. మెడల ఏసుకుంటది. ఎవ్వలను ముట్టనియ్యకు, తడవనియ్యకు." పెద్దక్క తల ఊపింది. పని ఒప్పజెప్పడం కూడా ఒక కళే అనుకుంటూ సిరోంచ చేరాను.

ఎనిమిదో రోజు మళ్లీ బయల్దేరాను. శ్రావణమాసం. జీపువాడు వాగు దగ్గరే దింపేసి, ముందుకు బురద ఉందన్నాడు. నేను దిగాక నా ముఖం చూడకుండా "బాయీ, ఆ సాహెబు అర్రలకు మాత్రం పోకుండ్రి" అని బండి తిప్పేశాడు. పన్నెండు కూడా కాలేదు, కానీ మబ్బు కమ్మి దీపాలు పెట్టే వేళలాగుంది. అక్కడి నుంచి టేకు చెట్ల మధ్య నడక. వాన ఆగింది, ఆకుల మీది నీళ్లు ఆగలేదు. టేకాకు అంటే చాట అంత ఉంటుంది. దాని మీద ఒక్కో చుక్క పడుతుంటే ఎవరో వెనక ఒక్కో అడుగు వేస్తున్నట్టుంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. మూడోసారి చూడలేదు, చూస్తే నిజంగా ఎవరైనా ఉంటే ఏం చేయాలో డిప్లొమాలో చెప్పలేదు. బడి కనిపించింది కానీ వినిపించలేదు. అంతమంది పిల్లలున్న చోట పలక కింద పడ్డ చప్పుడైనా లేదు. అందరినీ ఇవతలి చివర రెండు గదుల్లో కుక్కారు. కిటికీ ఊచల మధ్య నుంచి కళ్లు నన్నే చూస్తున్నాయి, ఒక్కరూ "చెవుల బాయీ" అనలేదు. వరండా అవతలి సగం ఖాళీ. బడి కుక్క సరిగ్గా నడిమధ్య నిలబడి ఆ చివరి తలుపు వైపు చూస్తోంది. తోక కదలడం లేదు, అరవడమూ లేదు.

గురూజీ నన్ను స్తంభం చాటుకు లాగి, ఊపిరితో మాట్లాడాడు. "బాయీ, ఆత్ కోణీతరీ ఆహే." లోపల ఎవరో ఉన్నారు. మిగతాదంతా మరాఠీలోనూ వచ్చీరాని తెలుగులోనూ చెప్పుకొచ్చాడు. నేను వెళ్లిన సాయంత్రమే మొదలైందట. బయట తాళం వేసినట్టే ఉంది, లోపల ఏదో కూస్తుంది. మొదట్లో సన్నగా, గాలి దారం లాగినట్టు; రోజులు గడిచేకొద్దీ గొంతు బరువెక్కి, ఇప్పుడు మూలుగుతోంది. ఉండి ఉండి ఆగుతుంది. ఆగిందని ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ. తాళంచెవి అదే రోజున మేకు మీంచి మాయమైంది. అడుగుదామంటే పెద్దక్క మర్నాడు పొద్దున్నే కూతురి కాన్పుకని సిరోంచ వెళ్లింది. తాళం పగలగొడదామంటే అది సర్కారు తాళం, ఆఫీసుకు అర్జీ రాశాడు, జవాబు రాలేదు. (జవాబు రానందుకు ఆయన సంతోషంగానే ఉన్నాడని నాకు అనుమానం.) మొన్న ఆదివారం అది "బాయీ" అని పిలిచిందని ఒట్టేసి చెప్పాడు. చెప్పి, నా చేతిలోని మిషిన్ పెట్టె వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఆ దయ్యాన్ని విడిచిపెట్టింది నేనేనని బడి అంతా తీర్మానించుకుంది.

అసలు సంగతి అది కాదు, గురూజీ ఆ తరవాత చెప్పినది. ఆ మూలుగుకు పిల్లలందరూ పారిపోతుంటే పిట్ట ఒక్కతే రోజుకు మూడుసార్లు ఆ తలుపు దగ్గరికి వెళుతోందట. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, తలుపు సందుకు ఆనుకుని, నవ్వుతోందట. లాగితే కొరుకుతోందట. పిడుగు పడ్డా వినబడని పిల్లకు అది వినబడుతోందంటే ఏమనుకోవాలి బాయీ అన్నాడు. కబురంపితే తాత వచ్చి ఆఫీసు గదిలో కూర్చున్నాడు. వాగు దగ్గరి నుంచి అడవి ఊళ్ల వైపు పోయే రెండు గంటల బస్సుకు పిల్లను ఇంటికి తీసుకుపోతాడు, ఇక పంపడు. బడి మానిపించే దాఖలా కాగితం కూడా రాసి ఉంచారు, సంతకం ఒక్కటే తక్కువ. మరి నేనిచ్చిన మిషిన్ వేసుకుంటోందా అని అడిగాను. మిషినా, ఏ మిషిన్, మేమేదీ చూడలేదే అన్నాడు గురూజీ.

తాత గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు, పక్కన గొడుగు. నేను ఆయన ముందు చతికిలబడి, పిల్లకు వినబడుతుంది, మాట వస్తుంది, నాకు కొన్నాళ్లు ఇవ్వమని బతిమాలాను. ఆయనకు అంగడి తెలుగు బాగానే వచ్చు. నిదానంగా విన్నాడు.

"అడవిల ఉండెటోళ్లం బిడ్డా, సప్పుళ్లకు మేం భయపడం" అన్నాడు. "పిల్ల ఒక్కతే తలుపుతోటి నవ్వుతాంటె సూసిన. అందుకు నాకు భయమైంది. ఇగ సాలు, నా కండ్ల ముందర ఉంటది."

ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. గోడ గడియారం పన్నెండున్నర దాటింది. ఆ తలుపు దగ్గరికి నేనే వెళ్లాలని తెలుస్తూనే ఉంది. స్తంభం వెనక నిలబడి విభూతి పెట్టుకున్నాను, కొంచెం ఎక్కువే పెట్టుకున్నాను. వరండాలో నడుస్తుంటే గురూజీ నాలుగడుగులు వెనకగా, పట్టపగలు టార్చిలైటు వేసుకుని వచ్చాడు. సగం దూరంలో నాకూ వినబడింది. మనిషి ఏడుపూ కాదు, జంతువు అరుపూ కాదు. గొంతు లేనిది ఏదో గొంతు కోసం వెతుక్కుంటున్నట్టు ఒకటే పట్టున లాగి, చివర్లో వణికి, తెగిపోయింది. నేను చప్పున రెండు చెవులూ మూసుకున్నాను. (చెవుల బాయి చెవులు మూసుకోవడాన్ని ఆ తరవాత రెండేళ్లపాటు ఏటేటా జరిగే బడి పండగ, స్నేహసమ్మేళనంలో పిల్లలు నాటకం వేసి చూపించారు.)

అప్పుడు నా పక్క నుంచి పిట్ట వెళ్లింది. ఎటు నుంచి వచ్చిందో చూడలేదు. తడిసిన జుట్టు, ఉత్త కాళ్లు, నా వైపు తిరగలేదు. నేరుగా తలుపు దగ్గరికి వెళ్లి, గౌను లోపలి నుంచి ఏదో తీసి పిడికిట్లో పట్టుకుంది. పిడికిలి చెవికి ఆనించింది. తల వంచి తలుపు సందుకు చేర్చింది. లోపల మళ్లీ మొదలైంది, ఆమె కోసమే ఆగి ఉన్నట్టు. పిట్ట కళ్లు మూసుకుని నవ్వింది. పారిపోదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. కానీ వెనక గురూజీ అడ్డం, ఆయన కన్నా ముందు పారిపోవడం మర్యాద కాదు. ఎలాగో ఇంకో రెండడుగులు వేశాను. నా నీడ పడి పిట్ట కళ్లు తెరిచింది. నన్ను చూడగానే ముఖమంతా వెలిగిపోయింది. పరుగున వచ్చి, నా మెడ కిందికి లాగి, తన పిడికిట్లో ఉన్నది తీసుకొచ్చి నా చెవికి గట్టిగా ఆనించింది. చల్లగా తగిలింది, ఇనుము. అదే క్షణంలో లోపల అది మూలిగింది. వెనక టార్చిలైటు కింద పడి దొర్లిపోయింది. నేను అరవడానికి నోరు తెరిచి, చెవి దగ్గరున్న దాన్ని పట్టుకుని చూశాను.

తాళంచెవి. నల్లదారంతో పిట్ట మెడకు కట్టి ఉంది.

"చెవి" అన్నాను పైకే. గురూజీకి అది "చావీ" అని వినబడింది, మరాఠీలో తాళంచెవి. ఆఫీసు గడపలోకి వచ్చి నిలబడ్డ తాతకు "కెవి" అని వినబడింది. గోండిలో చెవిని అలాగే అంటారు. ముగ్గురం ఆ బడిలో మొదటిసారి ఒకే మాట అర్థం చేసుకున్నాం. పిల్లకు చెవి ఇయ్యి, మెడల ఏసుకుంటది, ఎవ్వలను ముట్టనియ్యకు అన్నాను కదా, పెద్దక్క అక్షరం పొల్లు పోకుండా అలాగే చేసింది. మేకు మీది చెవి తీసి, గది తాళం వేసి, నల్లదారం కట్టి పిల్ల మెడలో వేసి, లోపల దాచుకొమ్మని సైగ చేసి, కూతురి కాన్పుకు వెళ్లిపోయింది.

తాళం తీశాను. గది చీకటిగా, చెమ్మ వాసనగా ఉంది. తలుపు పక్క గూట్లో, ఎనిమిది రోజుల కిందట నేను పెట్టిన చోటే మిషిన్ పడి ఉంది, ఆన్ చేసి ఉంది. తీయగానే ఆపాలి అని ఆ బడి పిల్లలందరి చేతా మూడు భాషల్లో వల్లె వేయించిన మిషిన్‌ను నేనే ఆపకుండా వెళ్లిపోయాను. చెవి బిళ్ల డబ్బా పక్కనే పడితే మిషిన్ తన చప్పుడు తనే విని కూస్తుంది; సెల్లు తగ్గేకొద్దీ గొంతు బొంగురుపోతుంది; గూట్లో బల్లి తీగను కదిపినప్పుడల్లా ఆగి మొదలవుతుంది. ఇది మొదటి సంవత్సరం, మొదటి పాఠం. బొటనవేలితో మీట నొక్కాను, సాహెబు దయ్యం నోరు మూసుకుంది. అందరికన్నా ముందు కుక్క మొరిగింది.

అప్పుడు పిట్ట సంగతి తట్టింది నాకు. ఆ పిల్ల ఎనిమిది రోజులుగా ఇనప చెవిని తన చెవికి ఆనించుకుని బడి అంతా తిరిగింది. తరగతిలో పెట్టుకుంది, వంటింట్లో పెట్టుకుంది, చప్పట్లు వినబడలేదు. ఈ తలుపు దగ్గర మాత్రం ఏదో వినబడింది. బాయి ఇచ్చిన చెవి ఇక్కడొక్కచోటే పనిచేస్తుంది కాబోలనుకుని, రోజూ మూడుసార్లు వచ్చి, ఉన్నంత శబ్దమూ తెచ్చుకుని, సంతోషపడి వెళ్లింది. నేను ఆ గడపలోనే కూలబడి భోరున ఏడ్చాను. ఇప్పుడు బాయికి పట్టింది అనుకుని గురూజీ మళ్లీ వరండా సగానికి వెనక్కి జరిగాడు.

కొత్త సెల్లు వేసి, పిట్టను వరండాలో అడవి వైపు తిప్పి నిలబెట్టి, మెడలో అసలు చెవి వేశాను. తాతను వెనక నిలబడి పిలవమన్నాను. ఏమని పిలవాలి అన్నట్టు చూశాడాయన. ఇన్నేళ్లూ పిలిచి ప్రయోజనం లేక భుజం తట్టే అలవాటే మిగిలింది. గొంతు సవరించుకుని, నెమ్మదిగా "పిట్టె" అన్నాడు. పిల్ల వెనక్కి తిరిగింది. తాత మళ్లీ అన్నాడు. ఆమె ఆయన పెదాల మీద వేళ్లు పెట్టి చూసింది, మాట అక్కడి నుంచే వస్తోందా అని. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని గొడుగు సర్దుకున్నాడు. నన్ను ఒకటే అడిగాడు. "దీపావళి సుట్టీలు ఎప్పుడిస్తరు బిడ్డా, అప్పుడొచ్చి తోల్కపోత." గురూజీ దాఖలా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. రెండు గంటల బస్సుకు తాత ఒక్కడే వెళ్లాడు.

పెద్దక్క మనవడి పురుడు ముగించుకుని వచ్చాక నేను నిలదీశాను. ఆమె గరిటె కింద పెట్టనైనా లేదు. "నువ్వు చెవి అంటివి, నేను చెవి ఇస్తి. తాళానికి చెవి ఉంటదా, డబ్బాకు చెవి ఉంటదా, నువ్వే చెప్పు" అంది. నాలుగు భాషల దాన్ని, నోరెత్తలేకపోయాను. పిట్ట మాత్రం ఇనప చెవిని తిరిగి ఇవ్వలేదు. రెండూ మెడలో వేసుకునే తిరిగింది. గురూజీ కొత్త తాళం కొని, ఆ గదిలో ఉల్లిగడ్డలు పెట్టించాడు. అయినా ఆదివారం నాటి పిలుపు సంగతి ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. మిషిన్ కూయగలదు గానీ బాయీ అని ఎలా పిలుస్తుంది అనేవాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ పాఠం లేదు.

ఏడో తరగతి అయి ఆ బడి వదిలి వెళ్లే రోజున పిట్ట దాన్ని మెడలోంచి తీసి నాకిచ్చింది. "బాయీ, నీకు" అంది, తెలుగులోనే, న మీద కాస్త తడబడి. ఇప్పుడు నాకు నలభై దాటింది. ఎడమ చెవిలో కొన్నాళ్లుగా సన్నటి కూత మొదలైంది, మందు లేదన్నారు, అలవాటు చేసుకోమన్నారు. వాన పడి ఆగిన సాయంత్రాల్లో అది కొంచెం గొంతు పెంచుతుంది. అప్పుడు ఆ తుప్పు పట్టిన తాళంచెవిని పెట్టెలోంచి తీసి, ఎవరూ చూడకుండా ఎడమ చెవికి ఆనించుకుని, తలుపు పక్కన నిలబడి నవ్వుకుంటాను. ఒకసారి మా ఆయన చూసి, ఏంది అది అని అడిగాడు. చెవి అన్నాను. ఏ చెవి అని ఇంతవరకూ అడగలేదు.